పనివారే యజమానులు కావలెను
(ఒక మహిళాసభయందు గావింపబడిన యుపన్యాసము)

స్త్రీలు వ్యాపారమున నెట్లు వృద్ధిగాంచుదురో చెప్పుమని మీరు నన్ను గోరితిరి. మన దేశమున స్త్రీలు పనిచేయుట క్రొత్త గాదు. వరినాట్లు వేయుట, మగ్గమునకు కండెలు చుట్టుట, సంతలో కూరలు, చేపలు అమ్ముట అనాదిగా వారు చేయుచున్న పనులే. అయినను పని యొకరిది, పెత్తన మొకరిది యగుటయే వారి పేదరికమునకు మూలము.

పశ్చిమగోదావరి మండలమందలి నరసాపురమును జూడుడు. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు అచ్చటి స్త్రీలకు లేసు అల్లిక నేర్పిరి. ఆ లేసు సముద్రములు దాటి ఐరోపా గృహముల నలంకరించెను. దారము వర్తకుడు పంపెడివాడు. ఒకతె పువ్వు లల్లగా, మఱియొకతె వాని నతికెడిది. ముక్క కింతయని కూలి ముట్టెడిది. ఆ సరకు ఎచ్చట, ఏ ధరకు అమ్ముడుపోవునో అల్లినవారికి దెలియదు. జర్మను పండితురాలు మరియా మీస్ ఈ స్థితిని పరిశీలించి 1982లో గ్రంథము ప్రకటించిరి. వేలకొలది స్త్రీల శ్రమపై వర్తకము సాగుచుండ, లోకము వారిని తీరిక వేళలో అల్లుకొను గృహిణులుగా మాత్రమే లెక్కించెనని ఆమె చూపిరి. చేతినేర్పునకు కొదువ లేదు. ఖాతాపుస్తకము మాత్రము వారి చేత లేదు.

ఇక బొంబాయి వృత్తాంతము వినుడు. 1959 మార్చి 15వ తేదీన గిర్గాములో నొక మేడపై ఏడుగురు గుజరాతీ గృహిణులు 80 రూపాయలు అప్పుదెచ్చి అప్పడములు చేసిరి. తొలినాడు సిద్ధమైనవి నాలుగు పొట్లములు. వానకాలమున అప్పడము లారక పని నిలిచిపోయెను. మరుసటియేట మంచముపై వానిని పఱచి, క్రింద పొయ్యి యుంచి యారబెట్టిరి. నష్టము వచ్చినను దానము స్వీకరింపరాదని మొదటనే నిశ్చయించుకొనిరి. లెక్కలు సరిగా వ్రాయుడనియు, చవుకకై నాసిసరకు చేయవలదనియు ఛగన్‌లాల్ పారేఖ్ గారు హితవు చెప్పిరి. అదియే లిజ్జత్ సంస్థ. నేడు అందు నలువదివేలకు పైబడిన స్త్రీలు గలరు. పనిచేయు ప్రతి సభ్యురాలును భాగస్వామినియే, లాభనష్టములు అందఱివి. స్థాపకురాండ్రలో నొకరగు జస్వంతీబెన్ పోపట్ గారికి 2021లో పద్మశ్రీ బిరుదము లభించెను.

అప్పడ మొత్తుట లేసు అల్లుటకంటె గొప్ప విద్య గాదు. భేదమంతయు స్వామ్యమునం దున్నది. కూలి పొందునామె ముక్కలు లెక్కించుకొనును. యజమానురాలు వానను, మినుముల ధరను, కొనువారి మనస్సును గూడ లెక్కింపవలెను. ధర చెప్పుటలో ఆమెకు నోరు వచ్చును. నష్టము భరించుటలో నిబ్బర మలవడును. తోడివారితో వాదించియు కలిసి నడచుటలో నలుగురిని నడపు నేర్పు కలుగును.

మూలధన మెక్కడిదందురా? 1974లో అహమ్మదాబాదున ఇళా భట్ గారి నాయకత్వమున నాలుగువేలమంది పేదస్త్రీలు తలకు పది రూపాయలు వేసికొని సొంత బ్యాంకును స్థాపించిరి. మన నెల్లూరు మండలమున 1992 నాటి సారా వ్యతిరేకోద్యమము పిమ్మట స్త్రీలు దినమునకు రూపాయి చొప్పున పొదుపు చేసిరి. ఉమ్మడి కుటుంబపుటాస్తిలో కుమార్తెకు సమానభాగ మొసగు చట్టము ఆంధ్రప్రదేశమున అవివాహితలకు 1985 నుండియు, దేశమంతట కుమార్తెలందఱకు 2005 నుండియు అమలునకు వచ్చెను. ఆ భాగమును మొగమాటమున వదలుకొనిన యామె, అప్పునకు హామీ చూపవలసిన దినమున వట్టిచేతులతో నిలువవలసివచ్చును.

మఱియొక ప్రమాదము గలదు. దుకాణముపై భార్య పేరుండును. లోన పెత్తనము భర్తది. ఆమె అప్పుపత్రముపై సంతకము చేయును గాని యా సొమ్మెటు పోయెనో యెఱుగదు. ఇట్టి యాజమాన్యము ఋణభారమునే మిగుల్చును. కావున సోదరీమణులారా, చదువక సంతకము చేయకుడు. మీ లెక్క మీరే వ్రాసికొనుడు. మీ సరకు ధర మీరే నిర్ణయింపుడు. ఒంటరిగా సాగనిచో పదుగురు గూడుడు.

ఇచ్చటికి విచ్చేసిన సోదరులకు నొక్క మనవి. మీ యింటి స్త్రీ వ్యాపారమున కాలిడిననాడు సలహాలకు ముందు వంటయింటి పనిలో సగపాలు తీసికొనుడు. ఆమెకు గావలసిన మొదటి పెట్టుబడి తీరికయే.