ఆసుపత్రి గడప దాటిన తర్వాత

సర్వ స్తోత్రాలు విశ్వప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండవలసిందిగా ముందు నాకు, ఆ తర్వాత మీకు ఉపదేశిస్తున్నాను.

మన అడిక్‌మెట్ చుట్టూ ఆసుపత్రులకు కొదువ లేదు. విద్యానగర్‌లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆసుపత్రి, నల్లకుంటలో ఫీవర్ ఆసుపత్రి, తార్నాకలో ఆర్టీసీ ఆసుపత్రి, ముషీరాబాద్‌లో గాంధీ ఆసుపత్రి ఉన్నాయి. ఇంట్లో పెద్దవారు స్నానాలగదిలో జారిపడి తుంటి ఎముక విరిగినా, పక్షవాతం వచ్చినా వెంటనే ఆటో ఎక్కించి తీసుకువెళ్తాం. రాత్రంతా మేలుకుంటాం, అప్పు చేసి ఖర్చు పెడతాం, దుఆ చేస్తాం. కొద్ది రోజులకు వైద్యులు డిశ్చార్జి చీటీ చేతికిస్తారు. అల్‌హందులిల్లాహ్ అని మిఠాయి పంచుతాం. ఆ తర్వాత? ఆపరేషన్ చక్కగా జరిగిన మనిషి మూడు నెలల తర్వాత కూడా మంచం దిగకపోవడం మనం చూస్తూనే ఉన్నాం. నేటి ప్రసంగం ఆ మూడు నెలల గురించే.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో, 23, 24 ఆయతులలో, అల్లాహ్ తన ఆరాధన గురించి ఆజ్ఞాపించిన వెంటనే తల్లిదండ్రుల పట్ల సద్వర్తన గురించి ఆజ్ఞాపించాడు. వారు వృద్ధాప్యానికి చేరితే విసుగు మాట కూడా పలకరాదని హెచ్చరించాడు. అక్కడ ఒక చిన్న పదం ఉంది, గమనించండి. వారు నీ దగ్గర వృద్ధాప్యానికి చేరితే అనే భావం ఆ ఆయతులో ఉంది. వృద్ధులు ఉండవలసిన చోటు మన దగ్గర. దగ్గర ఉండడమంటే ఒకే కప్పు కింద పడుకోవడం మాత్రమేనా?

ఖందక్ యుద్ధంలో హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతి నరానికి బాణం తగిలింది. దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీలోనే ఒక గుడారం వేయించారు. దగ్గర నుండి పరామర్శించేందుకే అలా చేశారని సహీహ్ బుఖారీలో ఉంది. గాయపడినవారికి సేవలందించిన రుఫైదా (రజి) అనే మహిళ గుడారం గురించి కూడా చరిత్రకారులు రాశారు. రోగి సంరక్షణకు మస్జిదు ప్రాంగణంలోనే చోటు దొరికిన సమాజం మనది. తర్వాతి కాలంలో, క్రీ.శ. 1284లో, సుల్తాన్ ఖలావూన్ కైరో నగరంలో పెద్ద వైద్యశాల కట్టించాడు. కోలుకుని వెళ్లేవారు వెంటనే కాయకష్టానికి దిగవలసిన అవసరం లేకుండా వారి చేతికి కొంత సొమ్ము ఇచ్చి పంపేవారని చరిత్ర గ్రంథాలు చెబుతున్నాయి. జబ్బు నయమైన రోజుకూ, బలం తిరిగి వచ్చిన రోజుకూ నడుమ వ్యవధి ఉంటుందని ఆ పూర్వికులకు తెలుసు.

ఆ వ్యవధిలో ఏం జరుగుతుందో నేటి వైద్యశాస్త్రం స్పష్టంగా చెబుతోంది. 2007లో అమెరికాలో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను కేవలం 10 రోజులు పడక మీదనే ఉంచితే వారి కాళ్ల కండ సుమారు ఒక కిలో తగ్గిపోయింది. ఆరోగ్యవంతుల సంగతే ఇలా ఉంటే రోగుల సంగతి ఊహించండి. కదలకుండా పడుకుంటే వీపు మీద పుండ్లు పడతాయి, కీళ్లు బిగుసుకుంటాయి. పక్షవాతం వచ్చినవారిలో కోలుకోవడం ఎక్కువగా తొలి నెలలలోనే జరుగుతుంది. ఆ గడువు చేజారితే మళ్లీ రాబట్టడం కష్టం.

ఇక్కడే మన ప్రేమ దారి తప్పుతుంది. “అబ్బా, మీరు లేవకండి, అన్నీ మేము చూసుకుంటాం” అంటాం. నీళ్లు నోటికి అందిస్తాం, ముద్దలు తినిపిస్తాం, వైద్యుడు నడిపించమన్నా నొప్పికి జాలిపడి పడుకోబెడతాం. ఆ జాలి వారి కాళ్లను బలహీనపరుస్తుంది. గ్లాసు వారే పట్టుకునేలా, చొక్కా వారే తొడుక్కునేలా, నాలుగు అడుగులు వారే వేసేలా పక్కన నిలబడి ఓర్పు వహించడం అంతకన్నా గొప్ప సేవ. మనం ఒక్క నిమిషంలో చేసే పనిని వారు పది నిమిషాలు చేస్తారు. ఆ పది నిమిషాలు విసుక్కోకుండా ఉండడమే ఆ ఆయతును ఆచరించడం.

“వయసు మీరింది, ఇక ఇంతే” అని మరికొందరు వదిలేస్తారు. వైద్యం చేయించుకోవచ్చా అని పల్లెవాసులు అడిగినప్పుడు, చేయించుకోండి, వృద్ధాప్యానికి తప్ప ప్రతి జబ్బుకూ అల్లాహ్ మందు సృష్టించాడు అనే భావంలో దైవప్రవక్త (స) సమాధానమిచ్చారు. వృద్ధాప్యానికి మందు లేదు, నిజమే. విరిగిన తుంటికీ, చచ్చుబడిన చేతికీ మాత్రం చికిత్స ఉంది. వీటిని వృద్ధాప్యం ఖాతాలో వేసి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు.

నమాజు విషయమే చూడండి. నిలబడి చేయండి, చేతకాకపోతే కూర్చుని, అదీ చేతకాకపోతే పక్కకు పడుకుని చేయమని దైవప్రవక్త (స) అనుమతించారు. పడుకుని నమాజు చేసే తండ్రిని కూర్చుని చేసే స్థితికి, అక్కడి నుండి నిలబడి చేసే స్థితికి తీసుకురావడానికి కుమారుడు పడే శ్రమకు అల్లాహ్ వద్ద ఎంత ప్రతిఫలం ఉంటుందో ఆలోచించండి.

మరి ఏం చేయాలి? డిశ్చార్జి రోజే వైద్యుణ్ణి అడిగి రాసుకోండి: ఏ వ్యాయామం, రోజుకు ఎన్నిసార్లు, ఎంత బరువు మోపవచ్చు, మళ్లీ ఎప్పుడు చూపించాలి? గాంధీ, ఉస్మానియా, నిమ్స్ ఆసుపత్రులలో ఫిజియోథెరపీ విభాగాలున్నాయి. స్నానాలగదిలో పట్టుకునే కడ్డీ, జారని చాప, రాత్రి వెలిగే దీపం ఏర్పాటు చేయండి. 70 ఏళ్లు నిండినవారందరికీ ఆయుష్మాన్ భారత్ వర్తిస్తుందని 2024 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించింది. ఆ పథకంలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందుల ఖర్చు కూడా కలిసి ఉంది. వృద్ధుల సహాయానికి 14567 నంబరు ఉంది.

బ్రిటన్‌లో ఇలాంటి వృద్ధులకు గరిష్ఠంగా ఆరు వారాల పాటు ప్రభుత్వమే ఉచితంగా సంరక్షణ అందిస్తుంది. మన నగరంలో రిహాబ్ సెంటర్లు వెలిసినా వాటి రుసుము అందరూ భరించలేరు. భరించగలిగినవారు లోకనిందకు వెనుకాడుతున్నారు. కొద్ది వారాల చికిత్స కోసం తల్లిని అక్కడ చేర్చి, రోజూ వెళ్లి పక్కన కూర్చునే కుమారుడు ఆమెను వదిలేసినట్లు కాదు. ఇంట్లోనే ఉంచి, వారానికి ఒకసారి కూడా గదిలోకి తొంగిచూడనివాడు ఆమెకు దూరమైనవాడు.

మరొక్క మాట. ఈ భారమంతా కోడలి మీద, కూతురి మీద వేసి మనం మస్జిదులో మొదటి వరుసలో నిలబడితే సరిపోదు. దైవప్రవక్త (స) ఇంటి పనులలో పాలుపంచుకునేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. తల్లిదండ్రుల సేవ మొదట కుమారుని బాధ్యత. గల్ఫ్‌లో ఉన్న సోదరుడు డబ్బు పంపితే, ఇక్కడున్న సోదరుడు సమయం ఇవ్వాలి.

మన పాతబస్తీ నవాబ్ సాహెబ్ కుంటలోని మస్జిదె ఇస్‌హాఖ్‌లో హెల్పింగ్ హ్యాండ్ ఫౌండేషన్ ఆరోగ్య కేంద్రం నడిపింది. అంత పెద్ద పని మన వల్ల కాకపోయినా, నాలుగు వాకర్లు, రెండు చక్రాల కుర్చీలు, ఒక ఎత్తు మార్చే మంచం మస్జిదులో ఉంచి, అవసరమైన ఇంటికి కొన్ని వారాలు అరువివ్వలేమా? కులమతాలు చూడకుండా పొరుగువారందరికీ ఇవ్వాలి. వీటిని సదఖా, వక్ఫ్ సొమ్ముతో కొనాలి. జకాత్ సొమ్మును అర్హుడైన పేదవాని సొంతం చేయాలి గనుక దానిని ఇందుకు వాడవద్దు. సొంత తల్లిదండ్రుల వైద్యానికి జకాత్ చెల్లదు, అది మన బాధ్యత. మన యువకులు, యూనివర్సిటీలో చదివే విద్యార్థులు వంతులు వేసుకుని రోజుకు అరగంట ఒక వృద్ధుణ్ణి నడిపిస్తే అది కూడా సదఖాయే.

ఓ అల్లాహ్! మా పెద్దలకు స్వస్థత ప్రసాదించు. వారి అడుగు తడబడినప్పుడు ఆసరా అయ్యే చేతులను మాకు ప్రసాదించు. బాల్యంలో వారు మాకు నడక నేర్పినట్లే, వారిని ఓర్పుతో నడిపించే భాగ్యం మాకు కలిగించు. ఆమీన్.