బలము పెంచిన కారు, పట్టు తప్పిన గేరు



ఇంజనుకు బలము పెంచి, ఆ బలమును చక్రములకు చేర్చు గేరుపెట్టెను మరచుటచే నాకు కలిగిన అనుభవమును మనవి చేసెదను.

నా కారునకు గేర్లు వానియంతట అవియే మారును. 1940 నమూనా ఓల్డ్స్‌మొబైలు కార్లతో అమెరికాలో ఇట్టి ఏర్పాటు వాడుకకు వచ్చినది. పెట్టెలో క్లచ్చి పలకలు దొంతరలుగా నుండును. నూనె ఒత్తిడి వానిని బిగించి పట్టును. ఆ పట్టు కొంత బలమునకే చాలును. నేనో, వేగముపై మోజుతో ఇంజనుకు టర్బో అమర్చించితిని.

ఒకనాడు నల్లమల దారిని శ్రీశైలమునకు పోవుచు లారీని దాటబోగా, ఇంజను హోరెత్తెనే కాని కారు ముందుకు సాగదాయెను. ఎదుట బస్సు! బ్రేకు వేసి లారీ వెనుకకు చేరితిని. ప్రక్కనున్న నా భార్య చాలసేపు మాటాడలేదు.

నూనె తక్కువైనదేమోయని కొలపుల్ల తీసి చూచితిని. మట్టము సరిగానే యున్నది. కాని ఎర్రని నూనె నల్లబడి మాడువాసన కొట్టుచుండెను. పలకలు జారిన వేడి పుట్టును. వేడికి పలకలు మాడును. మాడిన పలకలు మరింత జారును. ఇక క్రొత్త నూనె పోసినను ఫలము లేదు. కారును వేరొక బండిపై ఎక్కించి పంపితిని. మెకానిక్కు పెట్టె విప్పి, గట్టి పలకలు వేసి, ఒత్తిడి సరిచూచి, నూనెను చల్లార్చుటకు పెద్ద కూలరు నమర్చెను.

బలమైన ఎడ్లను కట్టునపుడు మీరు ముందుగా కాడిని, దాని త్రాళ్లను చూచుకొందురు. ఆ బుద్ధి నాకు లేకపోయెను. మీ యిండ్ల యువకులు కారుకు బలము పెంచబూనినచో, గేరుపెట్టె ఎంత ఓర్వగలదో ముందుగా విచారింపుడని చెప్పుడు. జారుట మొదలైనచో, ఎట్లో ఇల్లు చేరవచ్చునను ఆశ విడిచి బండి నాపవలెను.