సౌండ్‌బార్‌కి బ్లూటూతా, కేబులా?

కొత్త సౌండ్‌బార్ కొన్నారు, టీవీకి బ్లూటూత్‌లో కలిపారు. సినిమా పెడితే హీరో పెదాలు ముందు కదులుతున్నాయి, డైలాగ్ వెనకాల వస్తోంది. వెంటనే రిటర్న్ పెట్టేయకండి, చాలాసార్లు తప్పు బార్‌ది కాదు. బ్లూటూత్‌లో సౌండ్‌ని కుదించి పంపాలి, అవతల మళ్లీ విప్పాలి. దీనికే సెకనులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పోతుంది. పాటలకైతే తెలియదు, బొమ్మ ఉండదుగా. గేమ్‌లో మాత్రం చిరాకే, తుపాకీ పేలాక ఎప్పటికో చప్పుడు!

టీవీ వెనక ఏఆర్‌సీ అని రాసున్న హెచ్‌డీఎంఐ పోర్ట్ వెతకండి. 2009లో వచ్చిన హెచ్‌డీఎంఐ 1.4 నుంచీ ఉన్న సౌకర్యమే ఇది. అక్కణ్ణుంచి బార్‌లోని ఏఆర్‌సీ పోర్ట్‌కి కేబుల్ పెట్టి, టీవీ సెట్టింగ్స్‌లో సౌండ్ అవుట్‌పుట్ మార్చండి. ఆ పోర్ట్ లేదా? ఆప్టికల్ కేబుల్ వాడండి. కాకపోతే అందులో డాల్బీ అట్మాస్ రాదు.