తెరమీది మొదటి నీడ



చలనచిత్రము మొదలగునప్పుడు తెరమీద పేర్లు వచ్చును గదా. వానిని మనవారు టైటిల్సు అందురు. ఆ రెండు మూడు నిమిషములు పెక్కుమందికి చీకటిలో కుర్చీ వెదకికొనుటతోనే గడచిపోవును. కాని ఉత్కంఠ గొలుపు చిత్రమునకు, అనగా థ్రిల్లరునకు, ఆ నిమిషములే ఆయువుపట్టు. భయకారణమును దాచి భయమును మాత్రము నాటుట అప్పుడే జరుగవలెను.

అనంతపురపు మెట్టలో జరుగు కథ నొకదానిని భావింపుడు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వాన. ఎఱ్ఱనేల, వేరుసెనగ చేలు, బోడిగుట్టలు. ఇట్టి కథకు చీకటి సందులు, పొగమంచు, తడిసిన వీధులు తెచ్చి పెట్టుట అరువు నగలు తొడుగుటయే. ఇచ్చట భయము వెలుతురులో నున్నది. మిట్టమధ్యాహ్నము మైలు దూరమున నొక మనిషి కనబడును, ఎవడో తెలియదు. ఎవడో తెలియునప్పటికి దాగుకొనుటకు చెట్టైనను ఉండదు.

ఈ దూరమును, ఈ దగ్గరతనమును తెరమీదికి తెచ్చు విద్య ధర్మవరము చెంత నిమ్మలకుంటలో గలదు. (ఆ యూరు 2022 వఱకు అనంతపురము జిల్లాలోనిది; ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.) తోలుబొమ్మలవారు మేకతోలును పలుచగా గీకి, రంగులద్ది, నగలకును అంచులకును సన్నని చిల్లులు పొడుతురు. బొమ్మను తెరకు ఆనించినచో రూపము స్పష్టముగ నుండును. దీపమువైపునకు వెనుకకు జరిపినచో నీడ పెరుగును, అంచులు చెదరును, మనిషియో మృగమో తెలియదు. యుద్ధ సమయమున వారు కాలిక్రింది చెక్కలను టపటప త్రొక్కుదురు. ఆ చప్పుడు వినినచో వాద్యబృంద మెందులకని నాకు తోచును.

అమెరికాలో సాల్ బాస్ అను చిత్రకారుడు 1955లో 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ ఆర్మ్' అను చిత్రమునకు నల్లని తెరపై తెల్లని పట్టెలను నడపి, తుదకు వానిని వంకరపోయిన చేయిగా మార్చెను. 1960లో 'సైకో' చిత్రమునకు అక్షరములనే అడ్డముగ ముక్కలు చేసెను. బెర్నార్డ్ హెర్మన్ తంత్రీవాద్యములతోడనే సంగీతము కూర్చెను. అది చూచి మనవారును తెలుగు అక్షరములను కోయబోయిన యెడల చిక్కు వచ్చును. పకారమునకును వకారమునకును భేదము చిన్న సందు మాత్రమే. గుడికిని గుడిదీర్ఘమునకును నడుమ నున్నది ఒక కొక్కెము. వత్తులో, క్రింద వ్రేలాడుచుండును. కోసినచో ఒకరి పేరు మరియొకరిది కాగలదు!

కావున కోయవలదు, పొడువవలెను. నల్లని తెరపై మొదట ఒక్క వెలుగుచుక్క, పిమ్మట మరి రెండు, తోలులోని చిల్లులవలె. అవి కూడి ఒక పేరగునంతవఱకు ప్రేక్షకుని కన్ను తనంతట తానే వెదకుచుండును. వెనుక ఆ చెదరిన నీడ, ప్రతి పేరునకు కొంచెము చిన్నదై, కొంచెము స్పష్టమై, తెరను సమీపించుచుండవలెను. చెక్కలచప్పుడు తప్ప వేరు ధ్వని వలదు.

ఇక ఈ పేర్లలో ఎవరి పేరుండవలెను? నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. అయినను ఆ యూర బొమ్మలాటకంటె తోలు దీపపుగొడుగుల అమ్మకముతో బ్రదుకు సాగించువారు గలరు. చిత్రనిర్మాతలు అట్టివారిచేత నీడ నాడింపవచ్చును. పిమ్మట వారి పేరును చిత్రాంతమున, జనము లేచిపోవు వేళ, 'కృతజ్ఞతలు' అను మాటక్రింద చిన్నయక్షరములలో పెట్టుట న్యాయము కాదు. కళాదర్శకుని పేరు ప్రక్కనే, అదే పరిమాణమున, ఆ నీడ తెరను తాకి మనిషియని తేలు క్షణమునకు ముందు, చదువుటకు చాలునంత సేపు నిలుపవలెను.