బొడ్రాయి పక్కన ఏ చెట్టు?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డ్రాయింగులో ముప్పై అయిదు మార్కులు దాటనివాడు బొమ్మల గురించి మాట్లాడటమేమిటని వెనక బెంచీ మిత్రులు నవ్వుతున్నారు. నవ్వండి, నిజమే కదా!

తొమ్మిదో తరగతిలో మన డ్రాయింగు సారు మమ్మల్ని సిద్దిపేట తీసుకెళ్లి కాపు రాజయ్య గారి బొమ్మలు చూపించారు. 1925లో అక్కడే పుట్టి, 2012లో కన్నుమూసిన రాజయ్య గారు కూడా డ్రాయింగు మాస్టారే. బోనమెత్తిన ఆడవాళ్లు, బతుకమ్మ, తాళ్లెక్కే గౌడన్నలు. "ఇవన్నీ మా ఊళ్లో రోజూ చూసేవే కదా సార్, బొమ్మలెందుకు?" అన్నాను. "అయితే మీ ఊరి బొడ్రాయి పక్కన ఏ చెట్టుందో చెప్పు" అన్నారు. వేపా, రావా? చెప్పలేకపోయాను.

రాజయ్య గారి గీతకు చేర్యాల నకాషీ పటాలు ఒక మూలం. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల గుజ్జు కలిపి పూసి, ఎర్రటి నేల మీద కథంతా రాస్తారు. పద్మశాలీలకు కూనపులివాళ్లు మార్కండేయ పురాణం చెప్పేది ఇలాంటి పటం చూపించే. పటం పాతబడితే పారేయరు. కొత్తది రాయించుకుని, పాతదాన్ని మనిషికి చేసినట్టే కర్మ చేసి ఏట్లో కలుపుతారు. ఈ సంగతి నాకు ఉద్యోగంలో చేరిన చాలా ఏళ్లకు తెలిసింది. అప్పటికే ఆలస్యమైంది.

ఎందుకంటే, ఒక జలాశయం సర్వేలో ముంపు గీత గీసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ గీత లోపల మా అమ్మమ్మ ఊరుంది. ప్రతి ఇంటి గడప మట్టం మీటర్లలో రాసుకున్నాం. చెట్లు లెక్కపెట్టాం, నష్టపరిహారం కోసం. లెక్కలో తప్పు లేదు. కానీ బతుకమ్మ ఎక్కడ ఆడేవాళ్లో, పటం కథ ఏ అరుగు ముందు చెప్పేవాళ్లో రాసుకునే గడి మా ఫారంలో లేదు. నేనూ అడగలేదు. పొలాలకు నీళ్లొచ్చాయి, దాన్ని తక్కువ చేయను. ఊరు మాత్రం కొత్త పటం రాయించుకోకుండానే నీళ్లలో కలిసింది.

పోయినేడు ఆ పాత సర్వే కొలతల మీదే ఊరి బొమ్మ మొదలుపెట్టాను. గీత వంకర, రంగులు మనవరాలివి. ఆ చార్టు ఇవాళ తెచ్చాను, భోజనాల పక్క గదిలో గోడకు ఉంది, పెన్సిళ్లూ ఉన్నాయి. ఆ ఊరి నుంచి ఈ బడికి నడిచొచ్చినవాళ్లు కనీసం పదిమంది ఇక్కడున్నారు. బొడ్రాయి పక్కన చెట్టు చోటు ఖాళీగా ఉంచాను.