పత్తి చేనులో ఎవరు ఎవరిని తింటారు
(కైరుప్పల రైతుల సమావేశంలో మాట్లాడినది)



పిడకల సమరం చేసే ఊరు మనది. పేడ సంగతి మనకొకరు చెప్పనక్కర్లేదు. ఎద్దు తిన్న చొప్ప పేడై మట్టిలో కలుస్తుంది, మట్టి మళ్లీ చొప్పనిస్తుంది. పురుగుల లెక్కా అంతే. ఆకును పురుగు, పురుగును సాలీడు, పేనుబంకను అక్షింతల పురుగు తింటాయి. ఒకదాన్ని కదిలిస్తే మిగతావీ కదులుతాయి.

2002లో బీటీ పత్తి వచ్చింది. పచ్చపురుగు తగ్గింది, ఆ మేలు కాదనలేం. ఆ పురుగుకు కంది, శనగ, టమాటా కూడా తిండే. గులాబీ పురుగుకు మాత్రం దాదాపు పత్తే దిక్కు. మనం ఊరంతా పత్తే వేశాం. నీళ్లున్న వాళ్లం మార్చి దాకా చేను ఉంచాం. తట్టుకున్న పురుగే బతికింది, దాని సంతానమే పెరిగింది. 2006లో వచ్చిన రెండు జన్యువుల విత్తనాన్నీ తట్టుకుంది. మందు పెంచాం. సాలీళ్లు చచ్చాయి, తెల్లదోమ ఎక్కువైంది.

విత్తనంతో పాటు బీటీ లేని చిన్న ప్యాకెట్ ఒకటి ఇచ్చేవాళ్లు, గుర్తుందా? చేను చుట్టూ దాన్ని వేస్తే తట్టుకోలేని పురుగులు కొన్ని మిగిలి, తట్టుకున్న వాటితో జతకడతాయి. అప్పుడు మొండి పురుగు అంత త్వరగా పెరగదు. మనలో చాలామందిమి ఆ ప్యాకెట్ గట్టు మీద పారేశాం. ఎందుకిచ్చారో చెప్పినవాళ్లూ తక్కువే.

ఈసారి సంక్రాంతి లోపల అందరం పత్తి తీసేద్దాం. మందు కొట్టి చాలా రోజులైన చేలలో గొర్రెల మందను తోలిద్దాం. మిగిలిన కాయలు మేస్తాయి, పెంటికలు ఎరువవుతాయి. పత్తికట్టె గట్టున కుప్ప వేయొద్దు, పురుగు అందులోనే దాక్కుంటుంది. ఒక్క చేను మిగిలినా పక్క చేలకు పురుగు అక్కణ్నుంచే వస్తుంది. కాబట్టి ఏ వీధికి ఎవరు బాధ్యులో ఇప్పుడే పేర్లు రాసుకుందాం.