నీరసానికి పేరు పెట్టేది ఎవరు?

(తునిలో మహిళా సంఘాల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టర్ని కాను, నర్సునూ కాను. తుని, పాయకరావుపేట చుట్టుపక్కల ఊళ్ళలో ఇరవై ఏళ్ళకు పైగా సంఘాల పని చేస్తూ తిరుగుతున్నదాన్ని. ఆరోగ్యం మీద మాట్లాడమంటే మొదట భయపడ్డాను. తర్వాత ఈ సీసా గుర్తొచ్చింది. వెనక కూర్చున్న అక్కలకి కూడా కనపడుతోందా?

హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దీన్ని పంపింది. "ఎప్పుడు ఫోన్ చేసినా ఓపిక లేదంటున్నావు, రోజుకి రెండు చొప్పున వేసుకో" అంది. మీద అడ్రినల్ సపోర్ట్ అని రాసి ఉంది. లోపల విటమిన్ సి, బి-5, బి-6, బి-12, అశ్వగంధ. ఖరీదు చెప్పను గాని, ఆ డబ్బుతో మా ఇంట్లో నెలరోజులు గుడ్లు, ఆకుకూరలు వస్తాయి. పిల్ల ప్రేమగా పంపింది కదా అని రెండు నెలలు వేసుకున్నాను. మొదటి వారం బాగున్నట్టే అనిపించింది. తర్వాత మామూలే. మేడమెట్లు ఎక్కితే గుండె దడదడ, చీపురు పట్టుకుని వంగితే కళ్ళు బైర్లు కమ్మడం.

అడ్రినల్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. మన రెండు మూత్రపిండాల మీద టోపీల్లాగా రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. భయమేసినప్పుడు గుండె కొట్టుకునేలా చేసే అడ్రినలిన్ వాటిలోంచే వస్తుంది. పొద్దున్నే లేవడానికి, రక్తపోటు పడిపోకుండా నిలబడడానికి, జబ్బు చేస్తే తట్టుకోవడానికి కావలసిన కార్టిసాల్ కూడా అక్కడిదే. బతుకులో ఒత్తిడి ఎక్కువై ఈ గ్రంథులు అలిసిపోతాయి, అందుకే నీరసం, విటమిన్లతో వాటిని మళ్ళీ నిలబెట్టాలి అని ఈ సీసాల వాళ్ళు చెబుతారు. అడ్రినల్ ఫెటీగ్ అన్న ఈ పేరు అమెరికాలో జేమ్స్ విల్సన్ అనే ఆయన 1998లో పెట్టాడు. వినడానికి ఎంత నిజంలా ఉందో చూడండి. ఒత్తిడి లేని ఆడది ఎవరు మనలో? 2016లో బ్రెజిల్ దేశపు వైద్యులిద్దరు దీనిమీద వచ్చిన 58 పరిశోధనలను వరసపెట్టి పరిశీలించారు. ఒత్తిడి వల్ల ఈ గ్రంథులు అలిసిపోతాయనడానికి ఆధారం లేదని, అలాంటి జబ్బే లేదని తేల్చారు.

విటమిన్ సి మాట ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. 1928లో హంగరీ శాస్త్రవేత్త సెంట్ జార్జి మొదటిసారి ఈ విటమిన్ని వేరుచేసిన వాటిల్లో ఎద్దుల అడ్రినల్ గ్రంథులు ముఖ్యమైనవి. ఒంట్లో విటమిన్ సి బాగా పోగయ్యే చోట్లలో అదొకటి. అది నిజమే. కానీ ఉన్నచోట ఇంకాస్త పోస్తే గ్రంథికి బలమొస్తుందనడం, బావి నిండుగా ఉంటే బిందెతో నీళ్ళు తెచ్చి పోసినట్టు. ఒక జామకాయో నాలుగు ఉసిరికాయలో తినేవాళ్ళకి ఆ లోటు ఉండదు.

ఇక నా సంగతి. ఒకరోజు అంగన్‌వాడీ దగ్గర నన్ను చూసిన ఏ.ఎన్.ఎం. అమ్మాయి, కూతురి ఈడుది, "ఏదండీ, కనురెప్ప కిందకి లాగండి" అంది. చూసి ఏమీ మాట్లాడలేదు. వేలి మీద గుచ్చి రక్తం తీసింది. హిమోగ్లోబిన్ 8.2. గర్భిణి కాని స్త్రీకి 12 ఉండాలి. ఊరూరా తిరిగి రక్తహీనత గురించి పోస్టర్లు అంటించినదాన్ని నేను! నా రక్తం నేను చూసుకోలేదు. నెలనెలా విపరీతంగా రక్తస్రావం అవుతుంటే, ఈ వయసులో మామూలే అనుకుని గుడ్డలు మార్చుకుంటూ పోయాను. సీసాలో అన్ని విటమిన్లు ఉన్నాయి గాని, నాకు కావలసిన ఇనుము లేదు.

నేను ఒక్కదాన్నే కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. అంతకుముందు 2015-16 సర్వేలో 60 శాతం. అంటే ఆ కొద్ది ఏళ్ళలో కదిలింది ఒక్క శాతం పైచిలుకు. దేశం మొత్తం మీద స్త్రీలలో 57 శాతం, పురుషులలో 25 శాతం. ఒకే ఇంట్లో, ఒకే కుండలో అన్నం తింటున్న వాళ్ళ మధ్య ఇంత తేడా. నెలసరి, కాన్పులు కొంత కారణం. మిగతాది కుండలో ఎవరి వంతు ఎప్పుడొస్తుందన్న దాంట్లో ఉంది.

నేను విటమిన్లకు వ్యతిరేకినని అనుకోకండి. లోటు ఉన్నచోట మాత్ర ప్రాణం పోస్తుంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులు రక్తం లేక తెల్లబోయి చనిపోతుంటే, ఎందుకని వెతికింది. సూక్ష్మజీవుల కోసం చూసింది, తర్వాత వాళ్ళ తిండి చూసింది. ఈస్టుతో చేసే చవకరకం పదార్థం పెడితే వాళ్ళు కోలుకున్నారని 1931లో రాసింది. అందులో ఉన్నదే తర్వాత ఫోలిక్ యాసిడ్‌గా తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి పెద్ద మన గోదావరి మనిషే. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో 1945లో ఆ పని జరిగింది. ఇవాళ సబ్‌సెంటర్లో ఉచితంగా ఇచ్చే ఎర్ర మాత్రలో ఇనుముతో పాటు ఉన్నది అదే. ఆ మాత్ర మిల్లు కూలి ఆడవాళ్ళ రక్తంలోంచి, తూర్పు తీరపు మనిషి చేతిలోంచి వచ్చింది. దాన్ని మనం కాలవలో పారేస్తున్నాం. రంగురంగుల సీసా మాత్రం దాచిదాచి వేసుకుంటున్నాం.

పారేస్తారని తిట్టడం తేలిక. ఎందుకు పారేస్తారో నేను వేసుకున్నాక తెలిసింది. కడుపులో తిప్పుతుంది. విరేచనం నల్లగా అవుతుంది, మలబద్ధకం. ఇవి వస్తాయని, నల్లగా అయితే భయం లేదని ముందే చెప్పేవాళ్ళు లేరు. మాత్రల అట్ట చేతిలో పెట్టి సంతకం పెట్టించుకుంటారు. నాకు ఏ.ఎన్.ఎం. అమ్మాయి చెప్పిన కిటుకులు ఇవీ: తిప్పితే అన్నం తిన్నాక వేసుకోవాలి. టీ తాగడానికి గంట ముందూ వెనకా వద్దు, టీ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు. నిమ్మకాయ పిండుకుంటే బాగా పడుతుంది. రక్తం పెరిగిందని తోచగానే ఆపెయ్యకూడదు, ఇంకో మూడు నెలలైనా వాడాలి. చిన్నపిల్లలకి అందకుండా పైన పెట్టాలి, ఆ మాత్రలు గుప్పెడు మింగితే పసిపిల్లల ప్రాణం పోతుంది.

ఇప్పుడు అసలు అడ్రినల్ కథ చెబుతాను. దీనికోసమే ఈ సీసా తెచ్చాను.

మా సంఘంలో ఒకావిడ ఉంది. తమలపాకు తోటల్లో పని. పొద్దస్తమానం నిలబడి ఆకు కోసి, రాత్రి కూర్చుని కట్టలు కట్టి మోకాళ్ళు అరిగిపోయాయి. ఒకాయన కాగితంలో పొట్లం కట్టి తెల్ల మాత్రలు ఇచ్చేవాడు. పేరు లేదు, చీటీ లేదు. వేసుకున్న రెండో రోజుకే నొప్పి పోయేది, ఆకలి పుట్టేది, ఎక్కడలేని హుషారు. మూడేళ్ళు వాడింది. మొహం గుండ్రంగా నిండింది. "ఒళ్ళు చేశావే వదినా" అని నేనే నవ్వుతూ అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. అది ఒళ్ళు కాదు, స్టెరాయిడ్ వాపు. ఆయన ఊరు వదిలి వెళ్ళిపోయాడు, మాత్రలు ఆగిపోయాయి. వారం తిరక్కుండా వాంతులు, కడుపునొప్పి, నిలబడితే తూలి పడిపోవడం. కాకినాడ తీసుకెళ్ళేసరికి బి.పి. దొరకలేదు. డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న, "ఇన్నాళ్ళూ ఏం మందులు వాడింది?" అని. మా దగ్గర జవాబు లేదు. పొట్లం కాగితం కూడా లేదు.

జరిగింది ఇది. బయటినుంచి రోజూ స్టెరాయిడ్ వచ్చి పడుతుంటే, లోపల తయారుచేసే గ్రంథులు పని మానేసి నిద్రపోతాయి. బయటిది ఒక్కసారి ఆపేస్తే అవి వెంటనే లేవలేవు. మనిషి ప్రాణం మీదకి వస్తుంది. ఆవిడ బతికింది. డాక్టర్లు మందు మళ్ళీ ఇచ్చి, నెలల తరబడి కొంచెం కొంచెం తగ్గించుకుంటూ వచ్చారు. కాబట్టి ఒక మాట మీ ఊళ్ళలో తప్పక చెప్పండి. ఇలాంటి మాత్రలు, సూదులు చాలాకాలం వాడినవాళ్ళని భయపెట్టి ఒక్కరోజులో మానిపించకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, తగ్గించుకుంటూ రావాలి. ఉత్సాహంలో మనమే ప్రాణం తీసినవాళ్ళం కాకూడదు.

ఇంకా విచిత్రం వినండి. అమెరికాలో అడ్రినల్ కోసమని అమ్మే 12 రకాల మాత్రలను పరీక్షించి 2018లో ఫలితాలు ప్రకటించారు. అన్నింటిలోనూ థైరాయిడ్ హార్మోన్ దొరికింది, చాలావాటిలో స్టెరాయిడ్ కూడా. అట్ట మీద ఆ మాట లేదు. అంటే అక్కడి నున్నటి సీసాకీ, మా ఊరి పొట్లానికీ అంత దూరమేమీ లేదు.

అడ్రినల్ నిజంగా చెడిపోయే జబ్బూ ఉంది. 1855లో థామస్ అడిసన్ అనే డాక్టరు వివరించాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. అరుదు. మన దేశంలో క్షయ వల్ల కూడా వస్తుంది. బరువు తగ్గిపోవడం, చిగుళ్ళు, అరచేతి గీతలు నల్లబడడం, ఉప్పు మీద యావ, లేస్తే కళ్ళు తిరగడం దాని గుర్తులు. పొద్దున్నే రక్తంలో కార్టిసాల్ పరీక్ష చేయాలి. దానికి హార్మోను మాత్రలే మందు, జీవితాంతం. విటమిన్లు వేసుకుంటూ కూర్చుంటే మనిషి దక్కదు.

బలం సూదుల గురించి, సెలైన్ గురించి చెప్పకపోతే మీరు ఒప్పుకోరు. మామిడి కోతల కాలంలో పని మానలేక, సాయంత్రం పోయి అరుగు మీద పడుకుని బాటిల్ ఎక్కించుకొచ్చేవాళ్ళు ఎందరో. అర లీటరు గ్లూకోజు బాటిల్లో ఉండేది 25 గ్రాముల చక్కెర. ఐదారు చెంచాలు. దానికి ఒకరోజు కూలి. పచ్చగా కనపడడానికి అందులో బి-కాంప్లెక్స్ కలుపుతారు. పెట్టించుకున్నవాళ్ళకి నిజంగానే బాగుంటుందండీ, నేను కాదనను. ఎందుకంటే ఆ గంటసేపు ఎవరూ లేపరు. పొయ్యి దగ్గరికి పిలవరు. మంచినీళ్ళు అడగరు. ఆ బాటిల్లో ఉన్న మందు ఆ పడుకోవడమే.

ప్రభుత్వం 2024లో చేసిన సర్వేలో, ఇంటి పనులు చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు జీతం లేని ఆ చాకిరీ చేస్తున్నారని తేలింది. ఇది కూలిపని కాక. అలాంటి ఒంటికి నీరసం వచ్చిందంటే దానికి గ్రంథుల పేరు వెతకడం ఎందుకు?

ఎందుకో నాకు తెలుసు. ఎవరూ నమ్మరు కాబట్టి. ఓపిక లేదంటే మొగుడు సోమరితనం అంటాడు, అత్త వేషాలు అంటుంది, డాక్టరు తల ఎత్తకుండా "అంతా మనసులోనే, టెన్షన్ తగ్గించుకో" అంటాడు. ఒక పేరు దొరికితే అది జబ్బవుతుంది, జబ్బయితే మనిషికి కాస్త విలువ. ఆ పేరు సీసా మీద దొరికినా సరే. నడుం నొప్పి, నీరసం, తెల్లబట్ట అని వెళ్ళిన ఎంతోమందికి మన జిల్లాల్లో ఇంకో పేరు దొరికింది, గర్భసంచి తీసెయ్యడం. దేశంలో ఆ ఆపరేషన్లు ఎక్కువ జరిగిన రాష్ట్రాల్లో మనది ముందు వరసలో ఉంది. రక్తం ఎంతుందో చూడకుండానే పడుకోబెట్టిన వాళ్ళు నాకు తెలుసు. నాకూ ఆ సలహా ఇచ్చారు. నేను ఇంకో డాక్టరమ్మకి చూపించుకుని, మందులతో తగ్గించుకున్నాను. ఇప్పుడు నా హిమోగ్లోబిన్ 11.6.

మీరు సబ్‌సెంటర్‌కి వెళ్ళినప్పుడు టానిక్కు అడగకండి. పరీక్ష అడగండి. మొదట హిమోగ్లోబిన్. అది సరిగా ఉండి కూడా నీరసం పోకపోతే చక్కెర, థైరాయిడ్. రెండు వారాలకి మించి దగ్గు ఉంటే కళ్ళె పరీక్ష. గుడ్డూ పాలూ ముట్టనివాళ్ళకి, కాళ్ళు తిమ్మిర్లెక్కేవాళ్ళకి బి-12. దాని లోటుని చూడకుండా ఫోలిక్ యాసిడ్ ఒక్కటే పెద్ద మోతాదులో వాడితే రక్తం బాగుపడినట్టు కనిపిస్తుంది గాని నరాలు లోపల దెబ్బతింటాయి. బి-6 కూడా పెద్ద మోతాదులో ఏళ్ళతరబడి వేసుకుంటే అదే తిమ్మిర్లు తెస్తుంది. ఫలితం అంకె చీటీ మీద రాయించుకోండి. "పర్లేదు, కొంచెం తక్కువుంది" అంటే ఊరుకోకండి. ఎంత తక్కువో మన ఒంటిది మనకి చెప్పాలి. మందు పేరు చెప్పనివాడి దగ్గర మందు పుచ్చుకోవద్దు.

ఆ ఏ.ఎన్.ఎం. అమ్మాయి ఇవాళ వచ్చింది. వరండాలో బల్ల వేసుకుని కూర్చుంది, నాలుగు గంటలదాకా ఉంటుంది. పక్కనే పుస్తకం ఉంది, పేరు, వయసు, అంకె రాసుకోవడానికి. మొదటి పేరు నాదే రాయించాను. భోజనాలకి వెళ్ళేముందు అటునుంచి వెళ్ళండి. వంట చేస్తున్న ముగ్గురు అక్కల్ని కూడా లేపి పంపండి, కాసేపు గరిటె నేను తిప్పుతాను.